హైడ్రోజన్ సమ్మేళనాలు

తాగే నీరు, చేలో చల్లే యూరియా, పొయ్యి వెలిగించే గ్యాసు, పొట్టలో అన్నం అరిగించే ఆమ్లం, మురుగుగుంట దగ్గర ముక్కు మూయించే వాసన: ఇవన్నీ హైడ్రోజన్ మరో మూలకంతో కలవడం వల్ల పుట్టినవే. విశ్వంలోని మామూలు పదార్థపు ద్రవ్యరాశిలో సుమారు నాలుగింట మూడు వంతులు హైడ్రోజనే అయినా, భూమి మీద అది విడిగా దొరకడం అరుదు. గాలిలో పది లక్షల భాగాలకు అర భాగం మాత్రమే ఉంటుంది. ఇంత తేలికైన వాయువును భూమి ఆకర్షణ పట్టి ఉంచలేదు. ఇక్కడ నిలిచిన హైడ్రోజన్ దాదాపు అంతా వేరే మూలకంతో ముడిపడి నిలిచిందే. మనిషి శరీరంలోని పరమాణువులను లెక్కిస్తే పదింటిలో ఆరు హైడ్రోజన్‌వే. తూకంలో చూస్తే మాత్రం అది పదో వంతు.

ఈ సమ్మేళనాలలో ఒకటి ప్రాణాధారం, ఇంకొకటి ప్రాణాంతకం. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, మరొకటి ఏదీ కాదు. అన్నిట్లోనూ ఉన్న హైడ్రోజన్ ఒక్కటే కాబట్టి ఈ తేడాలకు కారణం అవతలి మూలకంలో వెతకాలి. హైడ్రోజన్‌కున్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ను ఆ మూలకం తనవైపు ఎంత బలంగా లాగుతుంది, లేక తన ఎలక్ట్రాన్‌నే హైడ్రోజన్‌కు వదిలేస్తుందా అన్నదాన్ని బట్టే పదార్థం స్వభావం తేలుతుంది. హైడ్రోజన్ రసాయనశాస్త్రంలో గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి ఇదే.

ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్

హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాన్, దాని చుట్టూ ఒక ఎలక్ట్రాన్ ఉంటాయి. దాని కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లకు చోటుంది. అందువల్ల దానికి మూడు దారులున్నాయి. ఉన్న ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకోవచ్చు, ఇంకొకటి తెచ్చుకోవచ్చు, లేదా మరో పరమాణువుతో కలిసి పంచుకోవచ్చు. మొదటి దారి చాలా ఖరీదైంది. ఒక మోల్ హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను పూర్తిగా ఊడదీయడానికి 1312 కిలోజౌళ్లు కావాలి. అందుకే ఆమ్లాలలో సైతం ఒంటరి ప్రోటాన్ కనిపించదు, పక్కనున్న నీటి అణువును అంటిపెట్టుకునే ఉంటుంది. రెండో దారి సోడియం, కాల్షియం వంటి చురుకైన లోహాలు ఎదురైనప్పుడే పడుతుంది. మనకు తెలిసిన పదార్థాలలో ఎక్కువ భాగం మూడో దారిన, అంటే ఎలక్ట్రాన్లను పంచుకునే సమయోజనీయ బంధంతో ఏర్పడ్డాయి.

పంచుకోవడం అన్నామంటే సమానంగా పంచుకోవడమని కాదు. ఎలక్ట్రాన్లను లాక్కునే శక్తిని కొలవడానికి లైనస్ పౌలింగ్ ఇచ్చిన మానంలో హైడ్రోజన్ విలువ 2.2. సోడియం 0.93, కార్బన్ 2.55, నత్రజని 3.04, ఆక్సిజన్ 3.44, ఫ్లోరిన్ 3.98. కార్బన్‌తో తేడా కొద్దిపాటిదే కనుక మీథేన్ అణువులో ఎలక్ట్రాన్లు ఇంచుమించు మధ్యలోనే ఉంటాయి. ఆక్సిజన్‌తో, ఫ్లోరిన్‌తో తేడా పెద్దది. ఎలక్ట్రాన్లు అటే ఒరిగిపోయి, హైడ్రోజన్ వైపు కొంచెం ధనావేశం మిగులుతుంది. సోడియం దగ్గర సంగతి తిరగబడుతుంది, అక్కడ లాక్కునేది హైడ్రోజనే.

ఎన్ని హైడ్రోజన్లు పడతాయన్నది ఆవర్తన పట్టిక చూసి చెప్పవచ్చు. క్లోరిన్ కుటుంబానికి ఒకటి, ఆక్సిజన్ కుటుంబానికి రెండు, నత్రజని కుటుంబానికి మూడు, కార్బన్ కుటుంబానికి నాలుగు. హీలియం, నియాన్‌లకు ఎలక్ట్రాన్ల కొరత లేదు కాబట్టి అవి హైడ్రోజన్‌తో కలవవు.

కలవాలన్న మొగ్గు ఉన్నా వెంటనే కలుస్తాయని కాదు. హైడ్రోజన్ వాయువులో పరమాణువులు జంటలుగా ఉంటాయి. ఆ జంటను విడదీయడానికి మోల్‌కు 436 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను ఒకే సీసాలో కలిపి మామూలు ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి ఉంచినా కంటికి కనిపించేంత నీరు పుట్టదు. చిన్న నిప్పురవ్వ తగిలితే మాత్రం సీసా పేలిపోతుంది. నిప్పురవ్వ చేసే పనిని కొన్ని లోహాలు చడీచప్పుడు లేకుండా చేస్తాయి. 1823లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ డోబెరైనర్ గుల్లబారిన ప్లాటినం మీదికి హైడ్రోజన్‌ను వదిలితే అది దానంతటదే అంటుకుంది. ప్లాటినం ఉపరితలం మీద హైడ్రోజన్ జంటలు విడిపోవడమే కారణం. ఆ సూత్రంతో ఆయన తయారుచేసిన దీపం యూరప్ ఇళ్లలో నిప్పు వెలిగించుకోవడానికి పనికొచ్చింది. ఇలా చర్యను కదిలించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. ఆ భావన రసాయన పరిశ్రమలో ఎంత పెద్దదైందో అమోనియా, వనస్పతి దగ్గర చూస్తాం.

నీరు

నీరు మూలకం కాదు, రెండు వాయువుల కలయిక అని తేలింది పద్దెనిమిదో శతాబ్దం చివరిలో. ఆమ్లంలో లోహం వేస్తే వచ్చే మండే వాయువును 1766లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ ప్రత్యేకమైన పదార్థంగా గుర్తించి దాని గుణాలు రాశాడు. తర్వాత ఆ వాయువును గాలిలో మండించినప్పుడు పాత్ర లోపలి గోడల మీద మంచులా తేమ పట్టడం గమనించి, అది శుద్ధమైన నీరేనని 1784లో ప్రకటించాడు. పారిస్‌లో లావోయిజర్ ఆ ఫలితానికి సరైన అర్థం చెప్పి, వాయువుకు హైడ్రోజన్ అన్న పేరు పెట్టాడు. 1800లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు, వోల్టా కనిపెట్టిన కొత్త బ్యాటరీతో నీటిలోకి విద్యుత్తు పంపి దాన్ని తిరిగి రెండు వాయువులుగా విడగొట్టారు. కలిపి చూపడం, విడగొట్టి చూపడం రెండూ జరిగాక ఇక సందేహానికి తావు లేకపోయింది.

ఘనపరిమాణంలో రెండు పాళ్ల హైడ్రోజన్‌కు ఒక పాలు ఆక్సిజన్. తూకంలో 1 గ్రాము హైడ్రోజన్‌కు 8 గ్రాముల ఆక్సిజన్, 9 గ్రాముల నీరు. ఈ కలయికలో ప్రతి గ్రాము హైడ్రోజన్‌కు సుమారు 142 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. అదే తూకం పెట్రోలు ఇచ్చే వేడికి ఇది దాదాపు మూడింతలు. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ పై దశలో మండింది ఈ జంటే: మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్. ఆ ఇంజన్ నుంచి బయటికి దూసుకువచ్చే దానిలో ప్రధానమైనది నీటి ఆవిరి.

ఇదే కలయిక అదుపు తప్పితే ఏమవుతుందో 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో లోకం చూసింది. హైడ్రోజన్ నింపిన హిండెన్‌బర్గ్ గాలి ఓడ దిగబోతూ ఒక్క నిమిషంలోపే తగలబడిపోయి 36 మంది చనిపోయారు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత హైడ్రోజన్ కలిసినా ఆ మిశ్రమం అంటుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ చార్జవుతున్నప్పుడు అందులోని నీరు కొద్దికొద్దిగా విడిపోయి హైడ్రోజన్ పైకి వస్తుంది. బ్యాటరీని గాలి ఆడే చోట పెట్టమనేది, పక్కన దీపం పెట్టవద్దనేది అందుకే.

నీటి అణువు తిన్నగా ఉండదు. రెండు హైడ్రోజన్లు ఆక్సిజన్‌కు 104.5 డిగ్రీల కోణంలో ఉంటాయి. ఆక్సిజన్ వైపు ఋణావేశం, హైడ్రోజన్ల వైపు ధనావేశం ఉండటంతో ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్‌ను ఆకర్షిస్తుంది. దీన్ని హైడ్రోజన్ బంధం అంటారు. అణువు లోపలి బంధంలో ఇది ఇరవయ్యో వంతు బలం కూడా లేనిదే, కానీ దీని ప్రభావం అపారం. ఆక్సిజన్ కుటుంబంలో కిందనున్న గంధకం హైడ్రోజన్‌తో ఏర్పరచే సమ్మేళనం మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, సెలీనియందీ టెల్లూరియందీ కూడా సున్నా కంటే తక్కువే. ఆ వరుస లెక్కన నీరు సుమారు మైనస్ 80 దగ్గర మరగాలి. 100 డిగ్రీల దాకా ద్రవంగా నిలబెడుతున్నది ఈ బలహీనమైన బంధాల గుంపే. గడ్డకట్టేటప్పుడు అణువులు ఈ బంధాల కోసం ఎడంగా సర్దుకుంటాయి. అందుకే మంచుగడ్డ నీటికంటే తేలిక, పైన తేలుతుంది. చలిదేశాల చెరువుల్లో పైన మంచు కట్టినా అడుగున చేపలు బతుకుతున్నాయంటే ఇదే కారణం. మన కణాల్లో డీఎన్ఏ పేటలు రెండింటినీ జతగా పట్టి ఉంచేదీ హైడ్రోజన్ బంధాలే.

హైడ్రోజన్, ఆక్సిజన్ ఇంకో రకంగా కూడా కలుస్తాయి. రెండు హైడ్రోజన్లకు రెండు ఆక్సిజన్లు చేరితే హైడ్రోజన్ పెరాక్సైడ్. 1818లో ఫ్రాన్సులో థెనార్ దీన్ని తయారుచేశాడు. రెండు ఆక్సిజన్ల మధ్య ఉన్న బంధం బలహీనమైంది కాబట్టి ఇది ఎప్పుడూ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. వెలుతురు తగలకుండా ముదురు రంగు సీసాలో అమ్ముతారు. గాయం మీద పోయగానే బుసబుసమని తెల్లటి నురగ వస్తుందే, అది రక్తంలోని ఒక ఎంజైము పెరాక్సైడ్‌ను విరగ్గొట్టడం వల్ల బయటపడే ఆక్సిజన్.

భారజలం

హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు ఆరేడు వేలకు ఒకటి రెట్టింపు బరువుంటుంది. దాని కేంద్రకంలో ప్రోటాన్‌కు తోడు న్యూట్రాన్ కూడా ఉంటుంది. డ్యుటీరియం అనే ఈ ఐసోటోపును 1931లో అమెరికాలో హెరాల్డ్ యూరీ కనిపెట్టి, 1934లో నోబెల్ పొందాడు. డ్యుటీరియంతో ఏర్పడ్డ నీరే భారజలం. చూపుకు మామూలు నీరే, లీటరు 1.1 కిలోలు తూగుతుంది, 3.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన దేశంలోని అణు రియాక్టర్లలో ఎక్కువ వాటిలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి ఇది కావాలి.

తెలంగాణలో గోదావరి ఒడ్డున, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వాపురం దగ్గర ఉన్న మణుగూరు భారజల కర్మాగారం 1991లో మొదలైంది. అక్కడి పద్ధతి హైడ్రోజన్ సమ్మేళనాలు రెండింటి మధ్య జరిగే మార్పిడి. గోదావరి నీటికి ఎదురుగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎత్తయిన గోపురాలలోకి పంపుతారు. సుమారు 30 డిగ్రీలుండే చల్లటి గోపురంలో డ్యుటీరియం వాయువును వదిలి నీటిలోకి చేరుతుంది. 130 డిగ్రీల వేడి గోపురంలో తిరిగి నీటిని వదిలి వాయువులోకి వెళ్తుంది. రెంటి మధ్యా మళ్లీ మళ్లీ తిప్పుతూ పోతే నీటిలో దాని పాలు మెల్లగా పెరుగుతుంది. చివర్లో స్వేదనం చేసి 99.8 శాతం దాకా తెస్తారు. ఒక్క టన్ను భారజలానికి వేల టన్నుల నది నీరు ఈ గోపురాల గుండా పారాలి. వాడే వాయువు ప్రాణాంతకం, కావలసిన వేడి అపారం. ఆ వేడి పక్కనే తవ్వే సింగరేణి బొగ్గుది. మామూలు హైడ్రోజన్‌కూ డ్యుటీరియానికీ మధ్య ఉన్న అతి సూక్ష్మమైన తేడాను ఇంత పెద్ద ఎత్తున పనిలో పెట్టిన చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి.

అమోనియా

గాలిలో 78 శాతం నత్రజని. మొక్కకు నత్రజని లేనిదే ఆకు లేదు, గింజ లేదు. అయినా గాలిలోని నత్రజనిని వరి మొక్క తీసుకోలేదు, ఎందుకంటే నత్రజని పరమాణువుల జంట మూడు బంధాలతో బిగుసుకుని ఉంటుంది. ఆ జంటను విడదీసి హైడ్రోజన్‌తో కలపడం ఇరవయ్యో శతాబ్దపు రసాయనశాస్త్రంలో అతి పెద్ద విజయం. అన్నం తినే ప్రతి మనిషికీ ఈ కథ తెలిసి ఉండాలి.

ఒక నత్రజని అణువు, మూడు హైడ్రోజన్ అణువులు కలిస్తే రెండు అమోనియా అణువులు. చర్యలో వేడి పుడుతుంది కనుక చల్లగా ఉంచితే ఎక్కువ అమోనియా రావాలి. చల్లగా ఉంచితే చర్యే కదలదు. వేడి పెంచితే చర్య కదులుతుంది, కానీ పుట్టిన అమోనియా తిరిగి విడిపోతుంది. ఈ చిక్కును జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ అధిక పీడనంతో, ఉత్ప్రేరకంతో విడదీశాడు. 1909లో ఆయన సహచరుడు రాబర్ట్ లె రొసిన్యోల్ చేతి పనితనంతో తయారైన పరికరంలో, ఆస్మియం లోహం ఉత్ప్రేరకంగా, గొట్టం చివర ద్రవ అమోనియా చుక్కలు చుక్కలుగా రాలింది. ఆస్మియం చాలా అరుదైన లోహం కాబట్టి దాంతో పరిశ్రమ నడవదు. ఆల్విన్ మిటాష్ వేలాది మిశ్రమాలను పరీక్షించి, చివరికి కొద్దిగా ఇతర పదార్థాలు కలిసిన ఇనుప ఖనిజం చాలని తేల్చాడు.

అసలు గండం తర్వాత వచ్చింది. పెద్ద ఎత్తున చేయబూనిన కార్ల్ బాష్ ఉక్కు గొట్టాలు కొన్నాళ్లకే పగిలిపోయాయి. పగిలిన గొట్టాలను కోసి చూస్తే, ఉక్కుకు గట్టిదనం ఇచ్చే కార్బన్ అందులో లేదు. ఆ వేడిలో, ఆ పీడనంలో హైడ్రోజన్ లోహంలోకి చొరబడి, కార్బన్‌తో కలిసి మీథేన్‌గా మారి, ఉక్కును పెళుసు చేసింది. అమోనియా తయారుచేయబోతే పాత్రలోనే ఇంకో హైడ్రోజన్ సమ్మేళనం పుట్టిందన్నమాట. బాష్ లోపల కార్బన్ లేని మెత్తని ఇనుప పొర వేసి, బయటి ఉక్కుకు సన్నని రంధ్రాలు పెట్టించాడు. లోపలి పొరలోంచి ఊరిన హైడ్రోజన్ ఉక్కును కొరికే లోపే రంధ్రాల గుండా బయటికి పోయింది. 1913లో జర్మనీలోని ఒప్పావులో మొదటి కర్మాగారం పని మొదలుపెట్టింది. హేబర్‌కు 1918 నోబెల్, బాష్‌కు 1931 నోబెల్ దక్కాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి పేలుడు పదార్థాలు అందించిందీ ఈ అమోనియానే. హేబర్ యుద్ధభూమిలో విషవాయువు ప్రయోగానికి ముందు నిలబడ్డాడు. మనుషులకు తిండి పెట్టిన చర్యకూ, యుద్ధానికీ ఉన్న ఈ సంబంధాన్ని దాచి ఆయన గురించి రాయడం న్యాయం కాదు.

అమోనియాను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే యూరియా. అందులో 46 శాతం నత్రజని. రామగుండంలో బొగ్గు నుంచి హైడ్రోజన్ తీసి ఎరువు చేసిన పాత ప్రభుత్వ కర్మాగారం 1999లో మూతపడింది. అదే ఊళ్లో సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా. యూరియా నేలలో పడ్డాక తిరిగి అమోనియాగా మారుతుంది. వరి మడిలో నిలవ నీటి మీద చల్లితే అందులో పెద్ద భాగం ఆవిరై గాలిలో కలిసిపోతుంది. నీరు తీసి బురద మీద చల్లమని వ్యవసాయ అధికారులు చెప్పేది అందుకే.

మైనస్ 33 డిగ్రీల దగ్గర మరిగే అమోనియా సులువుగా ద్రవమవుతుంది, తిరిగి ఆవిరవుతూ చాలా వేడిని లాక్కుంటుంది. ఐసు ఫ్యాక్టరీలలో, కోల్డ్ స్టోరేజీలలో, కోస్తా జిల్లాల రొయ్యల శుద్ధి కేంద్రాలలో చల్లదనం ఇచ్చేది ఇదే. అక్కడ గొట్టం లీకయితే కళ్లు మండి ఊపిరి ఆడదు. నీటిలో అతి త్వరగా కరుగుతుంది కనుక తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని గాలికి ఎదురు దిక్కున బయటపడాలి. కోళ్ల ఫారంలో తెల్లవారుజామున కళ్లకు కొట్టే ఘాటు కూడా ఇదే, కోళ్ల రెట్టలోంచి పుట్టింది.

హాలోజన్లతో

హాలోజన్లు అనే క్లోరిన్ కుటుంబంలోని నాలుగు మూలకాలు హైడ్రోజన్‌తో నాలుగు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఫ్లోరిన్ చీకట్లో, గడ్డకట్టే చలిలో సైతం పేలుతూ కలుస్తుంది. క్లోరిన్ చీకట్లో కదలదు, ఎండ పడితే పేలుతుంది. బ్రోమిన్‌కు వేడి కావాలి. అయొడిన్ వేడి చేసినా సగంలోనే ఆగి వెనక్కి మళ్లుతుంది. క్లోరిన్ విషయంలో జరిగేది గొలుసు చర్య. వెలుతురు ఒక క్లోరిన్ జంటను విడదీస్తే, ఒక్కో పరమాణువు హైడ్రోజన్ జంటలోంచి ఒకదాన్ని లాక్కుంటుంది. మిగిలిన హైడ్రోజన్ మరో క్లోరిన్ జంట మీద పడుతుంది. అలా ఒక్క కాంతి కణంతో వేలూ లక్షలూ అణువులు పుడతాయి.

హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు నీటిలో కరిగితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆమ్లాలన్నిట్లో ఆక్సిజన్ ఉంటుందని లావోయిజర్ నమ్మాడు. ఇందులో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ చూపాక, ఆమ్లగుణానికి మూలం హైడ్రోజన్ అని క్రమంగా రుజువైంది. చింతపండులోనైనా నిమ్మకాయలోనైనా నాలుకకు పుల్లగా తగిలేది నీటిలోకి విడుదలైన హైడ్రోజన్ అయానే. మన జీర్ణాశయంలో ఉన్నది ఇదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కిరాణా కొట్లో బాత్‌రూమ్ యాసిడ్ పేరుతో అమ్మేదీ ఇదే. ఒక మాట గట్టిగా చెప్పాలి: ఈ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణం తీయగలదు.

గంధకంతో, భాస్వరంతో

ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో లవణ విశ్లేషణ చేసినవాళ్లకు కిప్ పరికరం గుర్తుంటుంది. ఐరన్ సల్ఫైడ్ ముక్కల మీద ఆమ్లం పడి, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో వాయువు వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆక్సిజన్ అందని చోట బాక్టీరియా గంధకాన్ని హైడ్రోజన్‌తో కలిపి దీన్నే తయారుచేస్తాయి. భీమవరం ప్రాంతపు రొయ్యల చెరువుల్లో అడుగున పేరుకున్న మేత కుళ్లి నల్లబురద అయితే రైతు భయపడేది ఈ వాయువుకే.

తక్కువగా ఉన్నప్పుడు వాసన పసిగడతాం. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది, గాలి బాగుపడిందని మనిషి భ్రమపడతాడు. సెప్టిక్ ట్యాంకులలో, మ్యాన్‌హోల్‌లలో దిగిన కార్మికులు ఒకరి వెనక ఒకరు ప్రాణాలు కోల్పోయేది ఇందువల్లే. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా ఈ చావులు ఆగలేదు. ఇది రసాయనశాస్త్రానికి తెలియని ప్రమాదం కాదు, మనం పట్టించుకోని ప్రమాదం.

భాస్వరంతో కలిస్తే ఫాస్ఫీన్. ధాన్యపు గిడ్డంగుల్లో పురుగు చావడానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలోని తేమతో కలిసి ఈ వాయువును వదులుతాయి. పురుగుకు ఎంత విషమో మనిషికీ అంతే. నివాసం ఉండే గదిలో ఆ బిళ్లలు వాడరాదు.

కార్బన్‌తో

కార్బన్, హైడ్రోజన్ నేరుగా కలపడం కష్టమే అయినా, ఈ జంట సమ్మేళనాల సంఖ్యకు అంతు లేదు. కార్బన్ తనతో తాను గొలుసులు కట్టుకోగలగడమే కారణం. అన్నిటికంటే చిన్నది మీథేన్. 1776లో ఇటలీలోని మాజ్జోరె సరస్సు బురదలోంచి బుడగలుగా వచ్చే వాయువును సేకరించి వోల్టా దీన్ని గుర్తించాడు. గోబర్ గ్యాసులో, కృష్ణా గోదావరి తీరపు సహజవాయువులో ఉన్నది ఇదే. 1995లో కోనసీమలోని పాశర్లపూడిలో బావి నుంచి ఎగసి రెండు నెలలకు పైగా మండిన మంటకు ఇంధనం మీథేనే. వంటగ్యాసు సిలిండర్‌లోవి ఇంకొంచెం పొడుగు గొలుసులు, ప్రొపేన్, బ్యూటేన్. వీటికి వాసన లేదు. లీకయితే తెలియడానికి ఇథైల్ మెర్కాప్టాన్ కొద్దిగా కలుపుతారు. దాని దుర్వాసన గంధకానికి హైడ్రోజన్ అంటుకుని ఉన్న కొసదే.

నూనెను నెయ్యిలా గట్టిపరచేదీ హైడ్రోజనే. సన్నని నికెల్ పొడి సమక్షంలో హైడ్రోజన్ కర్బన పదార్థాలతో కలుస్తుందని ఫ్రాన్సులో పాల్ సబాటియే చూపి 1912 నోబెల్ అందుకున్నాడు. నూనెలను గట్టిపరచే పద్ధతికి జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. నూనె అణువులో కార్బన్ల మధ్య రెండేసి బంధాలున్న చోట హైడ్రోజన్ చేరితే గొలుసు తిన్నగా అవుతుంది, నూనె గడ్డకడుతుంది. అదే వనస్పతి. మన ఇళ్లలో అది ఏ కంపెనీదైనా డాల్డాయే. పని సగంలో ఆపినప్పుడు కొన్ని అణువులు ట్రాన్స్ కొవ్వులుగా మిగిలిపోతాయి. అవి గుండెకు చెరుపు అని తేలాక, 2022 జనవరి నుంచి దేశంలో నూనెలు, కొవ్వులలో వాటి పరిమితిని 2 శాతానికి కుదించారు.

కార్బన్‌కు, హైడ్రోజన్‌కు నత్రజని తోడైతే హైడ్రోజన్ సయనైడ్. లేత జొన్న మేసిన పశువు నురగలు కక్కి పడిపోతే రైతులు నాము తగిలిందంటారు. ఆ లేత ఆకులు నలిగినప్పుడు పుట్టే విషం ఇదే. మరోవైపు, భూమి మీద హైడ్రోజన్‌ను కార్బన్‌తో కలిపే అతి పెద్ద కర్మాగారం కూడా ఆకే. ఎండ శక్తితో నీటిని విడగొట్టి, ఆక్సిజన్‌ను గాలికి వదిలి, హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌కు చేర్చి చక్కెర చేస్తుంది. మనం పీల్చే ఆక్సిజన్ నీటి నుంచి వచ్చిందే.

లోహాలతో

వేడి సోడియం, కాల్షియం మీద హైడ్రోజన్‌ను పంపితే హైడ్రైడ్‌లు అనే ఉప్పులాంటి తెల్లని ఘనపదార్థాలు వస్తాయి. వీటిలో హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఋణ అయానుగా ఉంటుంది. లిథియం హైడ్రైడ్‌ను కరిగించి విద్యుత్తు పంపితే హైడ్రోజన్ ధనధ్రువం దగ్గర బయటపడుతుంది. నీటి విద్యుద్విశ్లేషణలో ఋణధ్రువం దగ్గర వచ్చేదానికి ఇది పూర్తిగా ఎదురు. ఈ హైడ్రైడ్‌లు నీటిని తాకగానే హైడ్రోజన్‌ను వదులుతాయి. పల్లాడియం తీరు వేరు. అది తన ఘనపరిమాణానికి కొన్ని వందల రెట్ల హైడ్రోజన్‌ను లోపలికి పీల్చుకుంటుందని 1860లలో థామస్ గ్రాహం కనుగొన్నాడు. పరమాణువులు లోహపు సందుల్లో సర్దుకుంటాయి. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు ఈ గుణం మీదే పనిచేస్తాయి. పూర్తి లోహం కాని సిలికాన్‌తో ఏర్పడే సిలేన్ గాలి తగలగానే అంటుకుంటుంది. ఎలక్ట్రానిక్ చిప్‌లకు, సౌర ఫలకాలకు సిలికాన్ పొరలు దాని నుంచే వేస్తారు.

హైడ్రోజన్ ఎక్కడి నుంచి

అమోనియాకు, వనస్పతికి, చమురు శుద్ధికి కావలసిన హైడ్రోజన్ విడిగా దొరకదు కాబట్టి ఏదో ఒక సమ్మేళనాన్ని విరగ్గొట్టి తీయాలి. ఇప్పుడు ఎక్కువగా విరగ్గొట్టేది మీథేన్‌ను. నికెల్ మీద 800 డిగ్రీలకు పైబడిన వేడిలో మీథేన్‌ను, నీటి ఆవిరిని కలిపితే హైడ్రోజన్ వస్తుంది. కిలో హైడ్రోజన్‌కు సుమారు 9 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. రెండో దారి నీటిని విద్యుత్తుతో విడగొట్టడం. కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల నీరు, ఆచరణలో 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కరెంటు సౌరశక్తిదో గాలిదో అయితేనే లాభం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఈ రకం హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రోజుకు 1500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యంగా పెట్టుకున్నారు.

ఆ హైడ్రోజన్ ఎవరికి ఇవ్వాలన్నది ఇప్పుడే ఆలోచించాల్సిన విషయం. కార్లకు బ్యాటరీలున్నాయి, వంటకు కరెంటు పొయ్యిలున్నాయి. నత్రజని ఎరువుకు మాత్రం హైడ్రోజన్ తప్ప వేరే దారి లేదు. యూరియాకు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి కాబట్టి ఆ కర్మాగారాలు మీథేన్‌ను ఒక్కసారిగా వదులుకోలేవు. విశాఖ, కాకినాడ తీరంలోని కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారాలకు ఆ ఇబ్బంది లేదు, నత్రజని కోసం వాటికి కావలసింది ప్రధానంగా అమోనియానే. ఇప్పుడు దాన్ని ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నారు. పూడిమడక హైడ్రోజన్‌లో మొదటి వాటా వాటికే దక్కాలి.